రైలు దిగిన చోటినుండి గేటు వఱకు



ఫుట్‌బాల్ ఆటను గూర్చి ముచ్చటించువారు సాధారణముగా మైదానమునందలి తొంబది నిమిషములను గూర్చియే ముచ్చటింతురు. ఈ ప్రసంగమున నేను మైదానములో అడుగు పెట్టబోను. పరాయి ఊరిలో ఆడుచున్న తన జట్టును చూడవలెనను కోరికతో తెల్లవారుజామున ఇల్లు వదలి బయలుదేరిన అభిమాని, రైలు దిగినది మొదలు స్టేడియము గేటు దాటువఱకును, ఆట ముగిసిన పిదప మరల ఆ గేటు వెలువడి ఆఖరి బండి నందుకొనువఱకును నడువవలసిన దారి యొకటి కలదు. ఆ దారి మిక్కిలి పొడవైనది కాదు. అయినను గడచిన నాలుగు దశాబ్దములలో ఈ ఆటయొక్క చరిత్రను కలచివైచిన దుర్ఘటనలలో కొన్ని ఆ దారియందే మొలకెత్తినవి. అది ఎవరి బాధ్యతయో తేల్చుకొనకుండుట వలననే అవి మొలకెత్తినవని నా దృఢాభిప్రాయము.

ఈ అతిథి అభిమాని యనువాడు ఎట్టివాడో మొదట తెలిసికొనవలెను. ఇంగ్లండు దేశపు ప్రీమియర్ లీగులో ఇరువది జట్లు కలవు. ప్రతి జట్టును తక్కిన పందొమ్మిది జట్ల ఊళ్లకును ఏడాదికొక పర్యాయము పోయి ఆడవలెను. ఆతిథేయ జట్టు తన స్టేడియములో 3,000 ఆసనములనో, లేక మొత్తములో పదవ వంతునో అతిథులకు విడువవలెనని లీగు నిబంధన. 2016–17 నుండి ఆ టిక్కెట్టు వెల 30 పౌండ్లకు మించరాదని క్లబ్బులన్నియు ఒడంబడినవి. అది అభిమాన సంఘములు ఏండ్ల తరబడి పోరాడి సాధించుకొన్న మేలు. కాని టిక్కెట్టు వెలకు హద్దు కలదేకాని ప్రయాణపు శ్రమకు హద్దు లేదు. న్యూకాసిల్ నుండి బోర్న్‌మత్‌కు సుమారు 350 మైళ్లు. అంత దూరము వచ్చినవానికి ఊరిలోని అడ్డదారులు తెలియవు. ఏ వీథి ఎచ్చట ఇరుకగునో, ఏ మలుపున జనము గుమిగూడునో తెలియదు. స్థానికులు నలుదిక్కులనుండి చెదరి వత్తురు గనుక వారి రాక ఎవరికిని భారముగా తోచదు. అతిథులో, ఒక్క రైలులో వచ్చి, ఒక్క వీథిని నడచి, ఒక్క మూలనున్న గేటులలో ప్రవేశింపవలెను. ఆ దారి ఇరుకైనచో వారికి మరియొక దారి లేదు.

మరి ఆ దారికి యజమాని ఎవరు? క్లబ్బువారినడిగిన, తమ ప్రాంగణము గేటుతో సరి యందురు. ఇంగ్లండులో పోలీసులు చేయు బందోబస్తు ఖర్చును క్లబ్బు ఎంతవఱకు భరింపవలెనను తగవు పలుమారులు న్యాయస్థానములకెక్కినది. 2017లో ఇప్స్‌విచ్ క్లబ్బుకును సఫోక్ పోలీసులకును నడుమ జరిగిన వ్యాజ్యమున, స్టేడియము చెంతనున్న బహిరంగ వీథులలోని బందోబస్తునకు క్లబ్బు సొమ్ము చెల్లింపనక్కరలేదని అప్పీలు కోర్టు తీర్పు చెప్పెను. వీథి ప్రజలది, ప్రజల వీథిని కాపాడుట పోలీసుల సహజధర్మము అను ఆ న్యాయమును నేను కాదనను. అయినను గేటుకు లోపల క్లబ్బు, వెలుపల పోలీసు, స్టేషను ప్లాట్‌ఫారము మీద రైల్వే, పుర వీథులకు మునిసిపాలిటీ అని పాలన నాలుగు తునకలైన చోట, ఒక తునకనుండి మరియొక తునకకు జనమును అప్పగించు క్షణమున ఎవరి కన్ను వారిమీద నుండును? ఈ ప్రశ్నకు సమాధానము దొరకని రెండు దినములను గూర్చి ఇపుడు చెప్పెదను.

మొదటిది 1989 ఏప్రిల్ 15, శనివారము. షెఫీల్డు నగరములోని హిల్స్‌బరో స్టేడియమున ఎఫ్.ఏ. కప్పు సెమీ ఫైనలు. లివర్‌పూల్, నాటింగ్‌హమ్ ఫారెస్ట్ జట్లు రెండును అచ్చట అతిథులే. ఇరు పక్షములవారును దారిలో ఎదురుపడరాదను ఏకైక చింతతో, ఎవరు ఏ దిక్కునుండి వచ్చుచున్నారో చూచి, ఆ దిక్కుననున్న స్టాండును వారికి కేటాయింపవలెనని పోలీసులు పట్టుపట్టిరి. తత్ఫలితముగా సుమారు 24,000 మంది లివర్‌పూల్ అభిమానులకు లెపింగ్స్ లేన్ అను సందు వైపునగల 23 తిరుగుడు ద్వారములు మాత్రమే దక్కినవి. వారిలో నిలుచుండి చూచుటకు టిక్కెట్లు కొన్నవారు 10,100 మంది. వారికి ఏడు ద్వారములు. ఆ ఉదయము లివర్‌పూల్ వైపునుండి వచ్చు పెద్ద రహదారిమీద మరమ్మతులు జరుగుచుండుటచే పలువురు ఆలస్యముగా చేరిరి. రెండున్నర గంటలకు ఆ పదివేలమందిలో సగమునకు మించినవారు ఇంకను వెలుపలనే యుండిరి. ఆట మూడు గంటలకు.

రెండు సంవత్సరములకు పూర్వము, 1987లో, అదే స్టేడియమున అదే కప్పు సెమీ ఫైనలు సందర్భమున అభిమానులు ఆలస్యమైనారని ఆటను పావుగంట వెనుకకు జరిపియుండిరి. ఈ పర్యాయము జరుపలేదు. బందోబస్తునకు నాయకత్వము వహించిన అధికారి ఆ ఉద్యోగమునకు వచ్చి మూడు వారములైనను నిండలేదు. సందులో ఒత్తిడి మితిమీరగా 2 గంటల 52 నిమిషములకు ‘సి’ గేటును తెరువుమని ఆయన ఆజ్ఞాపించెను. సుమారు రెండువేలమంది ఒక్కమారుగా లోనికి నడచిరి. వారికెదురుగా కనబడినది ఒక్క సొరంగము. అది తిన్నగా నడిమి రెండు ఆవరణములలోనికి పోవును. అవి అప్పటికే క్రిక్కిరిసి నిండియున్నవి. ప్రక్కలనున్న ఆవరణములలో చోటు కలదు. కాని సొరంగమును మూసి జనమును ప్రక్కలకు మరలింపవలెనని తలచినవాడు లేడు. ముందుభాగమున, అభిమానులు మైదానములోనికి దూకకుండుటకై కట్టిన ఇనుప కంచె. మూడు గంటల ఆరు నిమిషములకు ఆట ఆగెను. ఆనాటి గాయముల మూలమున ప్రాణములు విడిచినవారు మొత్తము 97 మంది; వారిలో కడపటి వ్యక్తి ముప్పది రెండు సంవత్సరములు ఆ గాయములతో జీవించి 2021లో కన్నుమూసెను.

గేటును అభిమానులే బ్రద్దలుకొట్టిరని ఆ బందోబస్తు నాయకుడు ఆ మధ్యాహ్నమే అబద్ధమాడెను. ఆ యబద్ధము వార్తాపత్రికల కెక్కినది. దేశములో సగము దానిని నమ్మినది. ప్రధానకారణము పోలీసుల నియంత్రణా వైఫల్యమే యని విచారణ జరిపిన లార్డ్ జస్టిస్ టేలర్ తన నివేదికలలో స్పష్టముగా వ్రాసినను, పోలీసుల వాఙ్మూలములు వందకు పైగా పైయధికారులచే దిద్దబడినవను సంగతి 2012లో స్వతంత్ర సంఘము బయటపెట్టువఱకును లోకమునకు పూర్తిగా తెలియలేదు. మృతులు న్యాయవిరుద్ధముగా చంపబడిరనియు, అభిమానుల ప్రవర్తనయందు దోషము లేదనియు జ్యూరీ తీర్పు చెప్పినది 2016లో. కొడుకును ఆటకు పంపి శవమును తెచ్చుకొన్న తల్లి, ఆ కొడుకు త్రాగుబోతు కాడు, దొమ్మీకాడు కాడు అని ఋజువు చేయుటకు ఇరువదియేడు సంవత్సరములు కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చెను. ఈ విషయమును తలచినప్పుడెల్ల నా మనస్సు క్షోభించును.

ఇంత జరిగిన పిదప లోకము పాఠము నేర్చియుండవలదా? రెండవ దినము 2022 మే 28. ఐరోపా ఛాంపియన్స్ లీగు ఫైనలు రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గున జరుగవలసియుండగా, ఉక్రెయిన్ మీద దండయాత్ర మొదలగుటచే దానిని మూడు నెలల వ్యవధిలో పారిసు శివారునందలి సాన్ దెనీలోనున్న స్టాద్ ద ఫ్రాన్సునకు మార్చిరి. ఒక వైపు రియల్ మాడ్రిడ్. మరియొక వైపు, విధివిలాసమేమో, మరల లివర్‌పూల్. ఆ సాయంకాలము స్టేడియమునకు పోవు రైలు మార్గములలో ఒకదానియందు సమ్మె. జనములో పెక్కుమంది మరియొక మార్గమునకు మరలిరి. ఆ స్టేషను దిగినవారిని విశాలమైన దారులలోనికి మరలించు ఏర్పాటు లేమివలన వేలమంది రహదారి వంతెనల క్రింది ఇరుకైన దారినే పట్టిరి. దానిలో కొంత భాగము పోలీసు వాహనములే ఆక్రమించియుండెను. ఆ దారి చివర టిక్కెట్ల ప్రథమ పరీక్ష. పరీక్ష నడుచుకొలదిని వెనుక జనము పెరిగినది. ముసలివారు, పిల్లలు, చక్రములకుర్చీలలోని వికలాంగులు ఆ నెట్టుడులో చిక్కిరి. ఎట్టకేలకు ఆ పరీక్షను ఎత్తివేయగా ఒత్తిడి స్టేడియము ద్వారములకు చేరినది, ద్వారములు మూయబడినవి, పోలీసులు బాష్పవాయువును చిమ్మిరి. రాత్రి 9 గంటలకు మొదలు కావలసిన ఆట 36 నిమిషములు ఆలస్యమైనది. వెలుపల గేటులయొద్ద జనము ప్రాణములరచేత పెట్టుకొని నిలుచుండగా లోపలి తెరలమీద కనబడిన ప్రకటన, అభిమానులు ఆలస్యముగా వచ్చుటచే ఆట ఆలస్యమగుచున్నదని.

మరునాటికి పాత కథయే మరల వినబడెను. ముప్పది నలుబది వేలమంది లివర్‌పూల్ అభిమానులు దొంగ టిక్కెట్లతోనో, టిక్కెట్లే లేకయో వచ్చిరని ఫ్రాన్సు హోంమంత్రి జెరాల్డ్ దర్మనాన్ ప్రకటించెను. ద్వారములయొద్ద పట్టుబడిన నకిలీ టిక్కెట్లు 2,589 అని ఆ పోటీని నిర్వహించు ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్యయగు యుయెఫా లెక్క. స్టేడియము కెమెరాలు తీసిన చిత్రములను ఎవరును భద్రపరుపుమని కోరకపోవుటచే అవి ఏడవ దినమున వాటంతట అవే చెరిగిపోయినవి. పోర్చుగల్ మాజీ విద్యామంత్రి అధ్యక్షతన ఏర్పడిన స్వతంత్ర విచారణసంఘము 2023 ఫిబ్రవరిలో ప్రధాన బాధ్యత యుయెఫాదే యని నిర్ణయించెను. పోలీసులు అభిమానులను దొమ్మీకారులుగా ఊహించుకొని సిద్ధపడినారే గాని, జనసమ్మర్దమునకు సిద్ధపడలేదని తేలినది. ఆ రాత్రి ఎవరును మరణింపకుండుట ఆశ్చర్యకరమని ఆ సంఘము వ్రాసినది. అందులకు కారణములలో అభిమానుల సంయమనమునే అది ముఖ్యముగా పేర్కొన్నది. హిల్స్‌బరో స్మృతితో పెరిగిన ఊరివారు గనుక, వెనుకనున్నవారు ముందున్నవారిని నెట్టలేదు. పిల్లలను పైకెత్తి నిలుపుకొనిరి. ఒకరికొకరు ఓర్పు చెప్పుకొనిరి.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ రావచ్చును. ఫుట్‌బాల్ అభిమానులలో దౌర్జన్యపరులు లేరా? లేకేమి, ఉన్నారు. 1985లో బ్రస్సెల్సునందలి హైసెల్ స్టేడియమున లివర్‌పూల్ అభిమానులలో కొందరు పైబడి తరుముటచే శిథిలమైన గోడ కూలి 39 మంది మరణించిరి; వారిలో అత్యధికులు ఇటలీవారు. అపరాధులు శిక్షింపబడవలసినదే. కాని ఆ పది మందిని పట్టుకొనుట కష్టమని పదివేల మందిని బందీలుగా చూచుట న్యాయమెట్లగును?

అట్లు చూచిన దానికి ఉదాహరణ చెప్పెదను. 2008 నవంబరులో స్టోక్ జట్టు అభిమానులు ఎనుబదిమంది మాంచెస్టరులో ఆట చూచుటకు పోవుచు, ఇర్లమ్ అను చోట ఒక పానశాలలో ఆగిరి. పోలీసులు వచ్చి ఆ పానశాలను చుట్టుముట్టిరి. త్రాగి అల్లరి చేయు ప్రమాదమున్నచో మనిషిని ఆ ప్రాంతమునుండి 48 గంటలవఱకు వెడలగొట్టుట కధికారమిచ్చు 2006 నాటి చట్టములోని 27వ సెక్షను క్రింద కాగితములు వ్రాసి, వారినందరిని బస్సులలోనెక్కించి, ఆట చూడనీయక, స్టోకునకు త్రిప్పి పంపిరి. వారేమియు అల్లరి చేసియుండలేదు. తరువాత ఆ పోలీసు శాఖ వారికి పరిహారము చెల్లించుకొనవలసివచ్చెను. కార్డిఫ్, స్వాన్సీ జట్ల నడుమ పోటీలకు చాలకాలము నడిచిన పద్ధతి మరియొకటి: నియమిత స్థలమున నియమిత బస్సు ఎక్కి, పోలీసు వాహనముల నడుమ వచ్చినవారికే ప్రవేశము. ఈ నిబంధన ప్రకారము, స్వాన్సీ అభిమాని కార్డిఫ్‌లోనే కాపురమున్నను, నలుబది మైళ్లు వెనుకకు పోయి, బస్సెక్కి, మరల తన ఊరికే రావలెను. చట్టమును మన్నించు పౌరుని ఒక ఆటకోసము ఇట్లు పశువులవలె తోలుకొనిపోవుటను ఏ నాగరిక సమాజమును సమర్థింపజాలదు.

ఇందులకు భిన్నమైన దారి యున్నదని ఋజువైనది. 2000 సంవత్సరపు ఐరోపా పోటీలలో బెల్జియమునందలి షార్లెరోయిలో పోలీసులు నీటి ఫిరంగులను ప్రయోగించిరి. వందలాది ఇంగ్లీషువారిని పట్టి దేశమునుండి పంపివేసిరి. నాలుగేండ్ల పిదప పోర్చుగల్ దేశమున అవే పోటీలు జరిగినపుడు, అచ్చటి నగర పోలీసులు సామూహిక మనస్తత్త్వమును పరిశోధించిన క్లిఫర్డ్ స్టాట్ మొదలగు పండితుల సలహాను గైకొనిరి. కవచధారులైన దళములను కనబడకుండ దూరముననుంచి, మామూలు యూనిఫారములోని పోలీసులను జంటలు జంటలుగా అభిమానుల నడుమ త్రిప్పిరి. వారు నవ్వుచు పలుకరించిరి, దారి చూపిరి, తప్పు చేసినవానిని మాత్రము వేఱుగా పిలిచి మందలించిరి. పోటీ నగరములు ప్రశాంతముగా నుండెను. అల్లరి రేగినది అల్బుఫేరా అను సముద్రతీరపు విహారస్థలమున. అది మరియొక పోలీసు శాఖ అధీనములోనిది, ఆ శాఖ ఈ పద్ధతిని గ్రహింపలేదు. ఒకే దేశమున, ఒకే వారములలో, ఒకే దేశపు అభిమానుల విషయమున కనబడిన ఈ భేదముకన్న ప్రబలమైన సాక్ష్యమేమి కావలెను? జర్మనీవారు ఇంకను ముందుగనే, 1981లోనే, బ్రెమెన్ నగరమున అభిమానులతో కలసి పనిచేయు సాంఘిక కార్యకర్తల సంస్థను స్థాపించిరి. అచ్చటి పలు నగరములలో ఆట టిక్కెట్టు చేతనున్నచో నగర రైళ్లు, ట్రాములు వేఱు రుసుము లేకయే ఎక్కవచ్చును. టిక్కెట్టుతోనే ప్రయాణమును కలుపుటచే, రైళ్లు నడుపువారును ఆట నిర్వాహకులలో ఒకరైరి.

సులభమైన ఉపాయము మరియొకటి కలదు: అతిథులను రానీయకుండుట. అర్జెంటీనా 2013లో ఆ పని చేసెను. ఇండోనేషియాలో మలాంగ్ సమీపమునగల కంజురుహాన్ స్టేడియమున 2022 అక్టోబరు 1న జరిగిన ఆటకును పొరుగు జట్టు అభిమానులను రానీయలేదు. ఆటను మధ్యాహ్నమునకు మార్పుడని పోలీసులు ముందే కోరిరి, లీగు నిర్వాహకులు వినలేదు, రాత్రియే ఆడించిరి. ఓటమికి కుంది కొందరు స్థానికులు మైదానములోనికి దిగగా, పోలీసులు బాష్పవాయువును ప్రేక్షకులు కూర్చున్న స్టాండులలోనికి కాల్చిరి. స్టేడియములలో అట్టి వాయువును ప్రయోగింపరాదని ఫీఫా నియమములలోనే యున్నది. జనము ఇరుకు ద్వారములవైపు పరుగెత్తగా 135 మంది మరణించిరి. అతిథి లేడు, అయినను మృత్యువు తప్పలేదు. దోషము అతిథియందు కాక ద్వారమునందును, వేళయందును, ఆయుధము పట్టిన చేతియందును ఉన్నది.

వేళ యన్నాను, దానిని గూర్చి రెండు మాటలు. ఒకనాడు ఇంగ్లండులో ఆట యనిన శనివారము మధ్యాహ్నము మూడు గంటలకే. నేడు టెలివిజనువారి సౌకర్యమును బట్టి శుక్రవారము రాత్రి, సోమవారము రాత్రి ఎనిమిది గంటలకును ఆడింతురు. ఎనిమిదింటికి మొదలైన ఆట పది కావచ్చునపుడు ముగియును. మాంచెస్టరునుండి లండనుకో, లండనునుండి న్యూకాసిలుకో పోవలసినవానికి అప్పటికి బండి యుండదు. లేదా, ఆట చివరి పావుగంటను విడిచి పరుగెత్తిననే దొరకును. ఆ రాత్రి స్టేషను మెట్లమీద పడిగాపులు పడువానిని, ఇచ్చట నిలువరాదని పోలీసు గద్దించును.

ఇది మనకు సంబంధింపని విషయమని శ్రోతలు తలపకుందురుగాక. హైదరాబాదు ఫుట్‌బాల్ ఆటకు పురాతన నిలయము. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచినది. ఆ రోజులలో ఈ నగర పోలీసులే దేశములోకెల్ల గొప్ప ఆటగాండ్రు! 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియమున హైదరాబాదు ఎఫ్.సి. కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచిన రాత్రి మనవారు సంబరపడిరి. ఆ ఫైనలు చూడవలెనని కేరళనుండి మోటారుసైకిలు మీద బయలుదేరిన యువకులు ఇద్దరు కాసరగోడు జిల్లాలో లారీ ఢీకొని మరణించిరి. మన సంబరములో వారిని తలచినవారు కొద్దిమందియే. గచ్చిబౌలి స్టేడియమున ఆటలు జరిగిన కాలమున మెట్రో రైలు రాయదుర్గమువఱకే వచ్చి ఆగెడిది. అచ్చటినుండి ఆటోయో, అదృష్టమో. రాజమహేంద్రవరమున 2015 గోదావరి పుష్కరముల తొలినాడు ఒక్క ఘట్టమునకే జనమెల్ల చేరగా జరిగిన తొక్కిసలాటను చూచిన మనము, దారి ఇరుకైనచోట భక్తుడైనను అభిమానియైనను ఒక్కటే యని ఎఱుగనివారము కాము.

కావున నేను అడుగునది ఇంతే. పోటీల పట్టికను అచ్చువేయుటకు ముందే, టెలివిజనువారితోపాటు రైల్వే అధికారిని, పోలీసు అధికారిని, మునిసిపాలిటీ ఇంజనీరును, అతిథి జట్టు అభిమానుల ప్రతినిధిని ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టవలెను. స్టేషనునుండి గేటు వఱకుగల దారికంతటికిని బాధ్యుడైన అధికారి నొక్కనిని పేరుపెట్టి నియమింపవలెను. గేటునొద్ద జనము నిలిచిపోయినచో ఆటను ఆపి, వేళను జరుపు అధికారము ఆ వ్యక్తికే యుండవలెను. దానికి టెలివిజను ఒప్పందము అడ్డు రాకూడదు. ఆట ముగిసిన గంట పిదప అతిథుల ఊరికి బండి లేని దినమున ఆ వేళకు ఆట పెట్టరాదు. పెట్టి తీరవలెనన్నచో ప్రత్యేక రైలు ఖర్చును ప్రసారహక్కుల సొమ్మునుండి లీగు భరింపవలెను. కెమెరా చిత్రములను ఏడు దినములు కాదు, విచారణ ముగియువఱకును భద్రపరుపవలెను.